రేవుబండ మీద అరిగిన పేరు

టప్. టప్. టప్. కాసేపు ఆగి, మళ్ళీ టప్ టప్.

తడిబట్టను రాతి మీద కొట్టే చప్పుడు. వాల్దోర్సా అనే ఆ కొండ ఊళ్ళో బట్టల రేవు మూతపడి నలభై ఏళ్ళు దాటిందని బస్సు దిగిన రోజే నాకు చెప్పారు. అయినా ఆ అక్టోబరు ఉదయం, మంచు ఇంకా ఇళ్ళకప్పుల మీద కూర్చునే ఉండగా, సాన్ రొక్కో చర్చి తలుపుల వెనక ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ప్రార్థనలు ఆగిపోయిన చర్చి అది. గంట కూడా దింపేశారు.

తలుపు తోశాను. లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టి ఉంది. తాడు మీద క్లిప్పులు పెట్టి తెల్లటి పెద్ద కాగితాలు ఆరేశారు. వాటి నీడలో, రెండు వేల ఏళ్ళ కిందట చనిపోయినవాళ్ళు రాతిలో నిలబడి ఉన్నారు. చేతిలో చెయ్యి వేసుకున్న మొగుడూ పెళ్ళాలు. పావురాన్ని గుండెకు హత్తుకున్న పాప. ముక్కు విరిగిన సిపాయి. ఊరి చుట్టుపక్కల పొలాల్లో, గోడల్లో, మెట్ల కింద దొరికిన సమాధి రాళ్ళన్నిటినీ తెచ్చి ఇక్కడ చేర్చారు. ఆ ఊరి మ్యూజియం అంటే ఇదే, ఒక్క గది.

"తలుపు వెయ్యండి బాబూ! గాలికి కాగితం లేస్తుంది. లేచిందంటే రోజంతా దండగ!"

గొంతు ముందు వచ్చింది. ఆ తరువాత, ఆరేసిన కాగితాల మధ్య నుంచి ఒక పొట్టి ఆవిడ వచ్చింది. మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, తడిసిన ఏప్రన్, చేతిలో బిరుసు వెంట్రుకల బ్రష్షు. అరవై దాటి ఉంటాయి. బుగ్గ మీద ఒక నీటిచుక్క ఇంకా జారకుండా నిలిచి ఉంది.

"కొత్త మాస్టారేగా మీరు? టికెట్ లేదు, ఆ పుస్తకంలో సంతకం పెట్టండి. ఈ నెలలో మీరు నాలుగోవారు. మొదటి ముగ్గురూ వానకు తల దాచుకోవడానికి వచ్చారు."

ఆవిడ పేరు ఎర్మీనియా. మ్యూజియానికి కాపలా ఆవిడే, ఊడ్చేదీ ఆవిడే, ఎవరైనా వస్తే కథ చెప్పేదీ ఆవిడే. ముప్పై ఏళ్ళుగా తాళంచెవి ఆవిడ ఏప్రన్ జేబులోనే ఉంది.

ఆ చప్పుడు ఏమిటో ఆ రోజు చూశాను. మందపాటి కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి రాతి మీద పరుస్తుంది. బ్రష్షుతో కొడుతుంది, కొడుతూనే ఉంటుంది, రాతి గుంటల్లోకి, గీతల్లోకి కాగితం దిగిపోయేదాకా. ఆరాక ఒలుస్తుంది. రాతిలో ఉన్నది కాగితం మీద ఉబ్బెత్తుగా నిలుస్తుంది. కంటికి ఆనని గీత కాగితం మీద వేలికి ఆనుతుంది. ఎప్పుడో వచ్చిన ముసలి ప్రొఫెసర్ ఒకాయన ఆవిడకి ఈ పని నేర్పి, తరువాత తనూ చనిపోయాడు. ఎర్మీనియా మాత్రం ఏటా అక్టోబరులో ఒకే ఒక్క రాతి మీద కాగితం పరిచి కొడుతూనే ఉంది. తాడు మీద ఆరుతున్నవన్నీ ఆ ఒక్క రాతివే. పందొమ్మిది అక్టోబర్లు.

ఆ రాయి ఐదుగురు పక్కపక్కన నిలబడేంత పొడుగు. నడుమెత్తు ఇనప కాళ్ళ మీద పడుకోబెట్టారు. దాని పక్కన అంతే పొడుగున్న ఇంకో రాయి. రెండూ ఒకే సమాధి ముందు భాగానివి. గొర్రెల మందలు కొండ దిగి మైదానానికి పోయే దారి పక్కన ఆ సమాధి ఉండేదట. ఎన్నో వందల ఏళ్ళ తరువాత ఊరివాళ్ళకు పిండి మరకు గుమ్మం కావాల్సి వచ్చింది. ఒక రాయి పట్టుకుపోయి మర గుమ్మం మీద పెట్టారు. రేవుకు ఉతుకుడు బండ కావాల్సి వచ్చింది. రెండోది పట్టుకుపోయి తొట్టి అంచున పరిచారు.

"మొగుడు గుమ్మం ఎక్కాడు, పెళ్ళాం రేవులో పడింది," అంది ఎర్మీనియా. "ఎప్పుడూ ఉండేదేగా, మాస్టారూ!"

గుమ్మం ఎక్కినవాడి పేరు నిన్న చెక్కినట్టుంది. గాయుస్ సత్రియుస్, ఉన్ని వర్తకుడు. కింద చిన్న అక్షరాల్లో, భార్యతో ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక్క గొడవ లేకుండా కాపురం చేశానని చెప్పుకున్నాడు.

"అబద్ధం," అంది ఎర్మీనియా. "రాతి మీద రాసినంత మాత్రాన నిజమైపోతుందా? ఆవిణ్ణి అడిగితే తెలిసేది."

అడగడానికి ఆవిడ పేరే లేదు. మూడు వందల ఏళ్ళు ఊరి దుప్పట్లూ చొక్కాలూ లంగాలూ ఆ పేరు మీద పడ్డాయి. సబ్బూ బూడిదా చలినీళ్ళూ ఆ పేరు మీంచి పారాయి. రాతిని చూస్తే ఇప్పుడు అక్కడేమీ లేదు. నీళ్ళు వెనక్కి తీసిన ఇసకలా ఉంది.

ఎర్మీనియా పొద్దున్నే వచ్చి కిటికీలు తెరుస్తుంది. ఒక్కో రాతి ముందు నిలబడి దాని మీద ఉన్న పేరు పైకి చదువుతుంది. అది ఆవిడ పెట్టిన ఆచారం కాదు. ఆ రాళ్ళే అడుగుతాయి. 'దారిన పోయేవాడా, కాస్త ఆగు, నా పేరు చదువు' అని సగం రాళ్ళ మీద చెక్కి ఉంది. చదివితే ఆ క్షణం వాళ్ళు గాలిలోకి వచ్చినట్టు. "ఇంత చిన్న కోరిక తీర్చకపోతే ఎలా?" అనేది. సిపాయిని పిలిచేది, పావురం పాపని పిలిచేది, గాయుస్ సత్రియుస్‌ని కాస్త వెటకారంగా పిలిచేది. అరిగిన పొడుగు రాతి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. "సత్రియుస్ గారి ఇల్లాలా, మీకూ శుభోదయం," అని, తల దించుకుని పక్క రాతికి వెళ్ళిపోయేది.

"బతికున్నప్పుడు ఎలాగూ ఫలానావాడి పెళ్ళామే అంటారు," అంది ఒకసారి. "చచ్చాక కూడానా? ఏదో ఒక పేరు ఉండాలి, మాస్టారూ. పేరు లేని మనిషిని ఏమని పిలవను?"

నేను ఆ ఊళ్ళో ఆరేళ్ళు పనిచేశాను. బడి వదిలాక దారి అటే కాబట్టి రోజూ కాసేపు ఆ రాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి. ఆ కూర్చోవడంలో, ముక్కలు ముక్కలుగా, ఆవిడ చేస్తున్న అసలు పని నాకు తెలిసింది.

ఆ బండ మీద ఐదు రోమన్ అక్షరాలు ఉండేవి. ఒక్కొక్కటీ మోచెయ్యంత. రేవుకు వచ్చే ఆడవాళ్ళకు అవి అక్షరాలని తెలియదు. కాలరు మురికి ఆ గీతల అంచున రుద్దితే ఇట్టే వదిలేది, అందుకే చెక్కిన వైపే పైకి పెట్టి బండ పరిచారు. గీతలకు తమకు తోచిన పేర్లు పెట్టుకున్నారు. పట్టకారు. దువ్వెన. కర్ర. నిచ్చెన. ఫలానా ఇంటివాళ్ళది పట్టకారు చోటు, ఫలానావాళ్ళది దువ్వెన చోటు. తల్లి తరువాత కూతురికి, కూతురు లేకపోతే కోడలికి ఆ చోటు దక్కేది. పొలం పంపకాల్లో నోరెత్తనివాళ్ళు కూడా రేవుచోటు దగ్గర జుట్లు పట్టుకునేవారు.

ఎర్మీనియా ఏళ్ళ తరబడి ఊళ్ళోని ముసలమ్మలందర్నీ అడిగింది. పెళ్ళి విందుల్లో అడిగింది, శవయాత్రల్లో నడుస్తూ అడిగింది, చావు మంచాల పక్కన కూర్చుని అడిగింది. "మీ అమ్మ ఎక్కడ నిలబడేది? పక్కన ఎవరు?" అందరూ ఒకటే చెప్పారు. మొదట పట్టకారు. దాని పక్కన దువ్వెన. దువ్వెన పక్కన కొస్తాంజా. కొస్తాంజా పక్కన కర్ర. చివర నిచ్చెన.

పట్టకారు V, దువ్వెన E, రెండూ కలిస్తే 'వే'. కర్ర I, నిచ్చెన A, రెండూ కలిస్తే 'యా'. మధ్యలో ఒక్క అక్షరం. అందరి జ్ఞాపకంలోనూ అక్కడ గీత లేదు, ఒక మనిషి ఉంది.

కొస్తాంజా అంటే ఎర్మీనియా వాళ్ళ అమ్మ.

ఫిబ్రవరిలో తొట్టి మీద మంచు పలక కట్టేది. దాన్ని కర్రతో పగలగొట్టి ఉతికేవారు. అలాంటి ఒక ఫిబ్రవరిలో కొస్తాంజాకు చలికి రొమ్ము పట్టేసింది, వారం తిరగకుండా పోయింది. ఎర్మీనియాకు తొమ్మిదేళ్ళు. ఉతికే మనిషి చనిపోతే ఆమె చోట తెల్లగుడ్డ మడిచి, మీద ఒక గులకరాయి పెట్టి, ఏడాదిపాటు ఆ చోటు ఎవరూ తడపకుండా వదిలెయ్యడం వాల్దోర్సా మర్యాద. తొమ్మిదో రోజు సోమవారం, ఊరంతా ఉతికే రోజు. కర్ర చోట నిలబడే నున్జియాతా, కొస్తాంజాకు ప్రాణస్నేహితురాలు, ఆ గుడ్డ తీసి పక్కన పెట్టి, ఆ చోట నిలబడి ఉతకడం మొదలుపెట్టింది.

"మా నానమ్మ దుప్పటి తీసుకుని ఆవిడ ముఖం మీద కొట్టింది," అని చెప్పింది ఎర్మీనియా. "తడిపి మరీ కొట్టింది. పొడిది తగలదని."

ఆ రోజు నుంచి రెండు ఇళ్ళకూ మాటల్లేవు. నానమ్మ ఇక రేవు తొక్కలేదు. మనవరాలిని తీసుకుని కింద ఏటికి పోయి ఉతుక్కుంది, ఇంటికి వాషింగ్ మెషీన్ వచ్చేదాకా. ఆ గొడవ జరిగిన పదకొండేళ్ళకు రేవు మూతపడింది. నున్జియాతాకు ఇప్పుడు తొంభై ఒకటి. రొట్టెల కొట్టు మీది ఇంట్లో కోడలి దగ్గర ఉంటుంది. ఆ చోట నిలబడినవాళ్ళలో బతికున్నది ఆవిడ ఒక్కతే.

"అడగొచ్చుగా?" అన్నాను.

"ఆ గీత ఏమిటో దాని అరచేతికి తెలుసు, మాస్టారూ. నాకూ తెలుసు దానికి తెలుసని." బ్రష్షు విదిలించింది. "అడిగే ముందు నాలుక కోసుకుంటా."

అడగాల్సిన రోజు నా ఆరో ఏడు వసంతంలో వచ్చింది. జిల్లా నుంచి ప్రతి రాతి పక్కనా ఫలకాలు పెట్టమని ఉత్తరువు వచ్చింది. ఆ పని చూడడానికి యూనివర్సిటీ నుంచి డాక్టర్ బెలార్ది అని ఒక మెత్తటి మనిషి వచ్చాడు. చెప్పులు కూడా చప్పుడు చేసేవి కావు. ఎర్మీనియా కాగితాలన్నీ దీపానికి అడ్డంగా పట్టుకుని చూశాడు, వేళ్ళతో తడిమాడు. పట్టకారు నీడ ఉంది. దువ్వెన పళ్ళు రెండు ఉన్నాయి. కర్ర, నిచ్చెన ఉన్నాయి. ముసలమ్మలు చెప్పింది నిజమేనని ఆశ్చర్యపోయాడు. మూడో చోట మాత్రం ఆయన వేళ్ళు జారిపోయాయి.

"వేదియా కావచ్చు, వేరియా కావచ్చు, వేలియా కావచ్చు," అన్నాడు. "వేలియా అని వేసి పక్కన ప్రశ్నార్థకం పెడదాం, సిన్యోరా. ఎవరూ తప్పుపట్టరు."

"ప్రశ్నార్థకమా? మీ ఆవిడ పేరు పక్కన పెట్టుకోండి ముందు. ఆవిడ తప్పుపట్టకపోతే అప్పుడు ఇక్కడ పెడుదురుగాని."

బెలార్ది నవ్వాడు. శుక్రవారం ఫలకాలు చెక్కేవాడి దగ్గరికి వెళ్ళిపోతాయన్నాడు. ఆ లోపల ఏమైనా తేలితే సరే, తేలకపోతే 'పేరు తెలియదు' అని పెట్టేస్తానన్నాడు. ఒకసారి ఫలకం పడిందంటే మళ్ళీ ఎవరు మారుస్తారు? ఎర్మీనియాకు అది తెలుసు. ఆ సంవత్సరాంతానికి తాళంచెవి ఇంకొకరికి అప్పగించాలని కూడా తెలుసు. ఆ తరువాత వచ్చేవాళ్ళు పొద్దున్నే పేర్లు చదువుతారా?

బుధవారం మధ్యాహ్నం బడి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆదివారం కోటు వేసుకుంది. చంకలో కాగితం చుట్ట.

"మాస్టారూ, మీరు నాతో రావాలి. మాట్లాడేది మీరే. నేను గోడలా నిలబడతాను."

రొట్టెల వాసన ఎక్కుతున్న మెట్ల మీదుగా పైకి వెళ్ళాం. నున్జియాతా కిటికీ పక్కన కూర్చుని పళ్ళెంలోని గోధుమరంగు పప్పులో రాళ్ళు ఏరుతోంది. ముఖమంతా ముడతలు, వేళ్ళు మాత్రం పిట్ట ముక్కుల్లా చురుగ్గా ఉన్నాయి. నమస్కారం పెట్టాను. ఆవిడ నా వెనక్కి చూసింది.

"ఎవరది వెనక? గోడా?"

"ఎర్మీనియా వచ్చింది," అన్నాను.

"కళ్ళు పోలేదులే నాయనా, కనబడుతూనే ఉంది. యాభై ఏడేళ్ళు పట్టింది ఈ మెట్లెక్కడానికి. పద్నాలుగే మెట్లు."

"మాస్టారూ, కూర్చోవడానికి రాలేదని చెప్పండి ఆవిడకి."

"మాస్టారూ, కుర్చీ ఉన్నది కూర్చోవడానికేనని చెప్పండి ఆవిడకి. నిలబడితే నాకు మెడ నొప్పి."

ఎర్మీనియా కుర్చీ అంచున, పడిపోయేటంత అంచున, కూర్చుంది.

"రేవులో తను నిలబడిన చోట ఏ గీత ఉండేదో అడగండి."

"తను నిలబడిన చోటా? వాళ్ళమ్మ నిలబడిన చోటా? అడిగేదేదో సరిగ్గా అడగమనండి, మాస్టారూ. ఈ వయసులో సగం ప్రశ్నలకు జవాబు చెప్పను."

కింద కొట్టులో ఎవరో రొట్టె కోస్తున్న చప్పుడు. గోడ గడియారం గింజలు రాలుస్తున్నట్టు కొట్టుకుంది.

"మా అమ్మ నిలబడిన చోట," అంది ఎర్మీనియా. ఈసారి నావైపు చూడలేదు.

నున్జియాతా పప్పులోంచి చిన్న రాయి ఏరి కిటికీ గట్టు మీద పెట్టింది. "ఏమీ లేదు," అంది.

"ఏమీ లేదంటే?"

"ఏమీ లేదంటే ఏమీ లేదే, పిల్లా. పసిబిడ్డ బుగ్గలా నున్నగా ఉండేది. నేను కోడలిగా వచ్చిన నాటికే నునుపు. మరి ఊరంతా ఆ చోటు కోసం ఎందుకు చచ్చేవాళ్ళమనుకున్నావు? దువ్వెన మీద లేసు గుడ్డ వేస్తే దారాలు లేచిపోయేవి. కర్ర మీద పట్టు చిరిగేది. ఆ నున్నటి చోట ఏ గుడ్డైనా చిరగదు. అందుకే పెళ్ళికూతుళ్ళ దుప్పట్లు, చర్చి బల్లగుడ్డలు, నోటరీ గారింటి చొక్కాలు, అన్నీ మీ అమ్మకే వచ్చేవి. మాకు గొర్రెలకాపరుల పంట్లాలు. తడిస్తే గొర్రెలే లేచి వచ్చినట్టుండేవి."

ఎర్మీనియా కాగితం చుట్ట విప్పి ఆవిడ ఒడిలో, పప్పు పళ్ళెం మీదే పరిచింది. నున్జియాతా చూడలేదు. చివరి నుంచి వేళ్ళు నడిపింది. "ఇది నిచ్చెన, పావొలీనా వాళ్ళది. ఇది కర్ర, నాది." వేళ్ళు కొంచెం ముందుకు జరిగి, నునుపు దగ్గర ఆగాయి. "ఇదిగో."

"అక్కడ ఒకప్పుడు గీత ఉండేది," అంది ఎర్మీనియా. "ఎవరు చెరిపేశారు?"

"ఎవరేమిటి? మీ వాళ్ళే. మీ అమ్మ, మీ నానమ్మ, ఆవిడత్త, ఆవిడత్త అత్త. ఊళ్ళో మీ ఇంటి ఆడాళ్ళంత ఉతికినవాళ్ళు లేరు. చీకటితో వచ్చి చీకటితో పోయేవాళ్ళు. ఆ గీతను మీ ఇల్లే తినేసింది. దొంగను వెతకాలంటే మీ ఇంట్లో వెతుక్కో."

ఇరవై నాలుగు అక్టోబర్లు ఆ గదిలో ఎక్కడో ఒలిచిన కాగితాల్లా కదిలినట్టనిపించింది నాకు. చివరికి ఎర్మీనియా అడిగింది వేరే ప్రశ్న. బహుశా మెట్లెక్కింది దీని కోసమేనేమో, ఆవిడకీ తెలియకుండా.

"తొమ్మిదో రోజే ఎందుకెక్కావు అక్కడికి? ఏడాది ఆగలేకపోయావా?"

"ఆగలేకపోయాను." ముసలామె గొంతులో తప్పు చేసిన బెరుకు ఏమీ లేదు, అలసట ఉంది. "మీ అమ్మ నాకు అప్పగించి పోయిందని, నీ కోసం ఆ చోటు కాచానని చెబితే నీకు బావుంటుంది. తొంభై ఒక్కేళ్ళొచ్చాయి, ఇప్పుడు అబద్ధమాడి ఏం బావుకుంటా? నాకు కావాలనిపించింది. పదేళ్ళు పక్కన నిలబడి ఆ నునుపును చూశాను. స్నేహితురాలి చోటు మీద కూడా కన్నుంటుందే, పిల్లా. మీ నానమ్మ కొట్టిన దెబ్బ నాకు రావలసిందే. తడి దుప్పటి అక్కర్లేదు, అంతే."

కాగితం మీది నునుపును తడుముతూ మళ్ళీ అంది: "కానీ నిలబడ్డాక తెలిసింది. ఆ చోట బండ అంచున ఒక గుంట ఉంటుంది. మీ వాళ్ళు పొట్ట ఆనించి ఆనించి పడిన గుంట. మీ ఇంటివాళ్ళంతా పొట్టి. నేను పొడుగు. నాకది తొడకి తగిలేది. పదకొండేళ్ళు, ప్రతి సోమవారం తగిలింది. నీది కాదే, నీది కాదే అని."

ఎర్మీనియా కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. "అమ్మ ఎలా ఉతికేది?"

"నీకు గుర్తులేదా?"

"లేదు."

"నీకెలా గుర్తుంటుందిలే. లంగా పట్టుకుని వెనక నిలబడేదానివి. వెనక నుంచేగా చూసింది నువ్వు." నున్జియాతా రెండు చేతులూ ఎత్తి గాలిలో ఒక పెద్ద దుప్పటిని పట్టుకుంది. "దుప్పటి జాడించేటప్పుడు నాలుక కొస బయటపెట్టేది, ఇలా. బడిపిల్ల రాసేటప్పుడు పెడుతుంది చూడు, అలా. నీళ్ళు ముఖాన పడితే తుడుచుకునేది కాదు. ఊపిరి బిగబట్టి మూడుసార్లు కొట్టి, నాలుగోసారికి వదిలేది. పక్కనుంచి చూసినదాన్ని నేను. పదేళ్ళు చూశాను."

ఎర్మీనియా నోరు కొంచెం తెరుచుకుంది. చిన్నపిల్ల ఆకలి అది. ఇంకా కావాలి, ఇంకా చెప్పు అన్నట్టుంది ఆ ముఖం. కానీ ముసలామె చేతులు ఒడిలోకి దిగిపోయాయి.

వెళ్ళడానికి లేచాం.

"కాఫీ తాగి వెళ్ళు."

"ఇంకోసారి వస్తా."

"ఇంకోసారంటే? ఇంకో యాభై ఏడేళ్ళకా?"

ఎర్మీనియా మళ్ళీ కూర్చుంది. ఈసారి కుర్చీ నిండా కూర్చుంది. కాఫీ అయ్యాక గుమ్మం దగ్గర ఆగి, "వెళ్ళొస్తాను, నున్జియాతా పిన్నీ," అంది. ముసలామె పప్పులోంచి తల ఎత్తలేదు. రాయి ఒకటి ఏరుతున్నట్టు పళ్ళెం మీదికి ఇంకా వంగింది.

తిరిగి చర్చికి వచ్చేసరికి పడమటి కిటికీ నుంచి వెలుతురు నేల మీద పడి ఉంది. ఎర్మీనియా కోటు కూడా విప్పకుండా పొడుగు రాతి దగ్గరికి వెళ్ళింది. మూడో చోట అంచున నిజంగానే అర్ధచంద్రంలా ఒక పల్లం. ముప్పై ఏళ్ళకు పైగా ఆవిడ దాన్ని గుడ్డతో తుడిచింది. రిజిస్టరులో 'కొత్తకాలపు దెబ్బ' అని తన చేత్తోనే రాసింది.

ఆ పల్లానికి పొట్ట ఆనించింది. కొంచెం ఇటూ అటూ కదిలింది.

"అమ్మ నాకంటే సన్నం," అంది.

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆ భంగిమలో చేతులు వాటంతటవే ముందుకు చాచుకుని ఆ నునుపు మీద వాలాయి. రాతికీ చేతికీ మధ్య ఒక దుప్పటి మాత్రమే తక్కువ. ఆవిడ కదలకుండా అలా ఉండిపోయింది. వెలుతురు నేల మీంచి గోడ ఎక్కింది, గోడ మీంచి పావురం పాప ముఖం దాకా వెళ్ళింది. నేను చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

శుక్రవారం బెలార్ది వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. ఏమైనా తేలిందా అని అడిగాడు.

"తేలింది. 'వే' అని చెక్కించండి. తరువాత జానెడు ఖాళీ. తరువాత 'యా'."

"ఖాళీ వదిలితే చెక్కేవాడు మర్చిపోయాడనుకుంటారు, సిన్యోరా."

"అనుకోనివ్వండి. అరిగింది అరిగినట్టే రాయండి. కింద చిన్న అక్షరాల్లో, ఈ చోట ఎవరెవరు ఉతికారో ఆ పేర్లు రాయండి. నేను చెబుతాను. కర్ర దగ్గరా, ఆ తరువాత ఇక్కడా, నున్జియాతా పేరు కూడా పెట్టండి."

బెలార్ది అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏదో ఒక పేరు ఉండాలని మీరే అంటుంటారటగా? వేలియా అందంగా ఉంటుంది. పిలుచుకోవడానికి బావుంటుంది."

"అన్నాను," అంది ఎర్మీనియా. "అప్పుడు ఇక్కడ పోయింది ఆవిడ పేరొక్కటే అనుకున్నాను. ఇప్పుడు మీ అక్షరం తెచ్చి పెడితే మా అమ్మ చేసిన పనంతా చెరిపేసినట్టవుతుంది."

బెలార్ది పెన్సిలు తీశాడు. కాగితం మీద రాసుకున్నాడు, ఖాళీ దగ్గర పెన్సిలు ఎత్తి, జాగ్రత్తగా జానెడు దూరం జరిపి.

ఆ తరువాత ఆదివారాలు ఆవిడ ఆ పద్నాలుగు మెట్లూ ఎక్కడం చూశాను. ఒక్కోసారి చేతిలో జున్నుముక్క, ఒక్కోసారి వట్టి చేతులు. కింద కొట్టులోకి ఇద్దరి గొంతులూ వినబడేవి. ఎక్కువ పోట్లాటే. "దుప్పటి అలా పట్టేది కాదే మీ అమ్మ!" "నువ్వేగా పోయిన వారం అలా చూపించావు!" కొట్టులో రొట్టె కొనుక్కునేవాళ్ళు నవ్వుకునేవారు. కానీ మరునాడు సోమవారం పొద్దున చర్చి దాటుతూ చూస్తే ఎర్మీనియా ముఖం ఇంకా ఆకలిగానే ఉండేది. పక్కనుంచి చూసినవాళ్ళు చెబితే తెలిసేది ఒక పక్కే. ఎదురుగా, ముఖానికి ముఖంగా, అమ్మని చూసినవి ఆ నీళ్ళు మాత్రమే.

జూన్‌లో నాకు సముద్రం వైపు బడికి బదిలీ అయింది. బస్సుకు ఇంకా గంట ఉండగా చెప్పి వెళ్దామని వెళ్ళాను. ఫలకాలు వచ్చి బిగించేశారు. ఎర్మీనియా నన్ను ఒక్కో రాతి ముందుకూ తీసుకువెళ్ళి, ఈసారి తను చదవకుండా నా చేత చదివించింది. సిపాయి. పాప. గాయుస్ సత్రియుస్. పొడుగు రాతి దగ్గరికి వచ్చాం. బస్సు గుర్తొచ్చి, 'వే' అని, గబుక్కున 'యా' అనేశాను.

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. చెయ్యి తడిగా ఉంది.

"ఎందుకంత తొందర, మాస్టారూ? మధ్యలో కాస్త ఆగండి. అమ్మ ఇంకా ఉతుకుతోంది."